వేలంలో 2,150 డాలర్ల బస్సా, డీలరు దగ్గర 9,800 డాలర్ల బస్సా?

ప్రశ్న: మేము షార్లెట్ దగ్గర ఉంటాం. ఇద్దరిదీ ఇంటి నుంచి చేసే ఉద్యోగమే. పాత స్కూల్ బస్సు ఒకటి కొని, సీట్లు తీసేసి, చిన్న వంటగది, మంచాలు అమర్చుకుని దేశం తిరగాలని ఆలోచన. పశ్చిమ పెన్సిల్వేనియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ 2005 నాటి ఇంటర్నేషనల్ కంపెనీ బస్సును ఆన్‌లైన్ వేలంలో పెట్టింది. "వీ8 డీజిల్, బూస్ట్ ఇస్తే స్టార్ట్ అవుతుంది, 1,38,000 మైళ్లు" అని రాశారు. పాట ఇప్పుడు 2,150 డాలర్ల దగ్గరుంది, ఇంకా ఆరు రోజుల గడువుంది. మాకు 40 మైళ్ల దూరంలో ఒక డీలరు 2003 నాటి ఇంటర్నేషనల్‌ను, డీటీ466ఈ ఇంజనుతో, 9,800 డాలర్లకు ఇస్తానంటున్నాడు. జార్జియా నుంచి వచ్చిందట, "ఫుల్లీ సర్వీస్డ్" అట. డీలరు దగ్గర కొంటే భరోసా అంటారు మా వారు. ఊరికే ఏడు వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలంటాను నేను. మాలో ఎవరికీ కమర్షియల్ లైసెన్సు లేదు. ఏది మేలు?

సమాధానం: ఆ వేలం బస్సును వదిలెయ్యండి. వేలంలో ఉన్నందుకు కాదు, దాంట్లో ఉన్న ఇంజను వల్ల. అలాగని మీ వారి లెక్క సరిపోయిందనీ అనలేం. డీలరు దగ్గర భరోసా అన్నది కార్ల విషయంలో కొంతవరకు నిజం. ఇంత పెద్ద బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆ భరోసాకు చట్టం అండ చాలా తక్కువ. మీ ఇద్దరి తగువూ వేలమా, డీలరా అని నడుస్తోంది గానీ, మేమైతే ముందు ఇంకో సంగతి అడుగుతాం. డబ్బు కట్టకముందే చల్లటి ఇంజనును స్టార్ట్ చేయించి, బండి కింద దూరి చూసి, అరగంట రోడ్డు మీద నడిపే వీలు ఎక్కడుంది? ఆ వీలు లేని చోట కట్టే డబ్బును మొదటి వాయిదాగా లెక్కేసుకోండి. మిగతా వాయిదాలు తర్వాత మెకానిక్ వసూలు చేస్తాడు.

ముందు ఇంజను సంగతి. 2005 నాటి ఇంటర్నేషనల్ బస్సులో "వీ8 డీజిల్" అని రాశారంటే అది వీటీ365. ఫోర్డ్ పికప్‌లలో 6.0 లీటర్ల పవర్‌స్ట్రోక్ పేరుతో 2003 నుంచి 2007 వరకు వచ్చి చెడ్డపేరు మోసిన ఇంజను ఇదే. దాని జబ్బు ఒక గొలుసులా నడుస్తుంది. కూలెంట్‌లోని మడ్డి ఆయిల్ కూలర్ సన్నటి దారుల్లో పేరుకుంటుంది. ఆ కూలర్ దాటి వెళ్లాల్సిన కూలెంట్, ఎగ్జాస్ట్ పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్‌కు సరిగా అందదు. ఎగ్జాస్ట్ వేడికి ఈజీఆర్ కూలర్ లోపల కూలెంట్ మరిగి, చివరికి అది పగులుతుంది. కూలెంట్ సిలిండర్లలోకి పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, హెడ్ గాస్కెట్లు లేచిపోతాయి. ఒక్కో సిలిండరు చుట్టూ నాలుగే హెడ్ బోల్టులు ఉండటం దీనికి తోడు. బస్సుల్లో ఈ ఇంజనును తక్కువ హార్స్‌పవర్‌కు కట్టేసి అమర్చారు కాబట్టి పికప్‌ల కంటే కొన్ని బాగానే నడిచాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బయటి షాపులో ఈ గొలుసు మొత్తం సరిచేయించాలంటే బస్సు ధరను మించి ఖర్చవుతుంది.

"బూస్ట్ ఇస్తే స్టార్ట్ అవుతుంది" అన్న ముక్క, అంటే బయటి బ్యాటరీ సాయం ఉంటేనే అని, ఈ ఇంజను విషయంలో ఇంకా ప్రమాదం. దీని ఇంజెక్టర్లను నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ 48 వోల్టులు తయారుచేసుకుని పనిచేస్తుంది. బ్యాటరీలు నీరసపడి ఉండగా పదేపదే సెల్ఫ్ కొడితే ఆ మాడ్యూలే పాడవుతుంది. కాబట్టి చచ్చిన బ్యాటరీలను మార్చేస్తే సరిపోతుందని ఇక్కడ అనుకోలేం.

వేలం ప్రకటనల భాషే వేరు. "రన్స్ అండ్ డ్రైవ్స్" అంటే యార్డులో కదిలిందని అర్థం, హైవే మీద 60 మైళ్ల వేగంతో వెళ్తుందని కాదు. "పార్క్ చేసినప్పుడు నడుస్తూనే ఉంది" అంటే ఇప్పుడు నడవదని. "పార్ట్స్ ఓన్లీ" అని ఉంటే దాని టైటిల్ (యాజమాన్య పత్రం) మీద కూడా మెలిక ఉండొచ్చు, అటు చూడొద్దు. "యాజ్ ఈజ్, వేర్ ఈజ్" అన్నది మాత్రం ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. బండి ఎలా ఉంటే అలా, ఎక్కడుంటే అక్కడ. పాట ఖాయమయ్యాక టైరు గాలి నుంచి టోయింగ్ దాకా అన్నీ మీ నెత్తినే.

ఇంతకీ వేలంలో బండి చవకగా ఎందుకొస్తుంది? స్కూల్ డిస్ట్రిక్టులు బస్సులను సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు నడిపి, కొత్తవి రాగానే తీసేస్తాయి. చాలాచోట్ల జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్, మ్యునిసిబిడ్ వంటి సైట్లలో బస్సులు వరసగా వస్తాయి. వయసు మీరిందని తీసేసిన బస్సు, రిపేరు ఖర్చు గిట్టదని తీసేసిన బస్సు ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో డిస్ట్రిక్ట్ గ్యారేజీలో మెకానిక్‌కు తెలుసు. ఇదే వేలంలో ఉన్న అసలు లాభం, జనం వాడుకోనిది కూడా ఇదే. ప్రకటనలో కాంటాక్ట్ నంబరు ఉంటుంది. మర్యాదగా ఫోన్ చేసి, బస్సు నంబరు చెప్పి, రవాణా విభాగం గ్యారేజీకి కలపమనండి. "దీన్ని ఎందుకు తీసేశారు? ఆఖరుసారి రూటు మీద ఎప్పుడు నడిచింది? ఈ రెండేళ్లలో పెద్ద రిపేరు ఏం చేశారు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. గ్యారేజీ మనిషికి బస్సు అమ్ముడైతే కమీషన్ రాదు, దాచాల్సిన అవసరమూ తక్కువ. చాలా డిస్ట్రిక్టులు బస్సువారీగా సర్వీసు రికార్డులు ఉంచుతాయి, అడిగితే ప్రింటు ఇచ్చేవాళ్లుంటారు. అదే బస్సు డీలరు చేతికి వెళ్లాక ఆ కాగితాలు దాదాపు ఎప్పుడూ దాంతో రావు.

ఇక మీరన్న ఏడు వేల తేడా. వేలంలో ఆరు రోజుల ముందు కనిపించే అంకెకు విలువ లేదు. అసలు పాట ఆఖరి పది నిమిషాల్లో నడుస్తుంది. చివరి క్షణాల్లో ఎవరైనా పాడితే గడువు మరికొన్ని నిమిషాలు జరిగే పద్ధతి చాలా సైట్లలో ఉంది కాబట్టి సెకన్లు లెక్కపెట్టి కొట్టేసే ఎత్తులు పారవు. మీకు పోటీగా పాడేవాళ్లలో డీలర్లూ ఉంటారు. తమకు లాభం మిగలదనుకున్న చోట వాళ్లు ఆగిపోతారు, మీరు ఆ పైన ఒక మెట్టు ఎక్కి కొంటారు. అంటే వేలంలో గెలిస్తే మీరు కట్టేది సుమారుగా డీలరు కొనుగోలు ధరే. నిజంగా మిగిలేది డీలరు లాభం. ఆ లాభంలోంచి డీలరు భరించే ఖర్చులన్నీ మీరు భరించాలి.

ఒక అంచనా వేద్దాం. పాట 3,800 దగ్గర ఆగిందనుకోండి. బయ్యర్స్ ప్రీమియం, అంటే పాట ధర మీద అదనంగా కట్టే రుసుము, ప్రకటనను బట్టి మారుతుంది, 10 శాతం అనుకుంటే 380. ఆరు టైర్లు పాతబడి ఉంటే ఒక్కోటి 400 చొప్పున 2,400. బ్యాటరీలకు 450. వెళ్లడానికి ఇద్దరి ఖర్చు, 450 మైళ్లు తిరిగి రావడానికి గాలనుకు 8, 10 మైళ్ల లెక్కన డీజిల్, దారిలో ఒక రాత్రి బస కలిపి 600. మొత్తం 7,630. డీలరు ధరకూ దీనికీ తేడా 2,170. ఇందులో ఇంజను పనికి ఒక్క డాలరూ లేదు. బండి దారిలో ఆగిపోతే పెద్ద వాహనాలు లాగే టో ట్రక్కుకు ఈ తేడా మొత్తం ఒక్క పూటలో ఇచ్చేయాల్సి రావొచ్చు. అసలు ఆ 450 మైళ్లు బస్సును మీరు నడపవచ్చా అన్న చిక్కు వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాం.

గెలిచాక గడువులూ బిగువే. ఐదు పనిదినాల్లో డబ్బు, పది పనిదినాల్లో బండి తీసుకెళ్లడం అన్నది తరచుగా కనిపించే షరతు. దాటితే స్టోరేజీ చార్జీ వేస్తారు, లేదా కట్టిన డబ్బు తిరిగి ఇవ్వకుండానే పాట రద్దుచేస్తారు. గెలిచి కొనకపోతే సైటులో ఖాతా మూసేసే వీలూ వాళ్లకుంది.

ఇప్పుడు డీలరు. పాత కార్లు అమ్మేవాళ్లు కిటికీ మీద వారంటీ ఉందో లేదో చెప్పే బయ్యర్స్ గైడ్ అంటించాలన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం గుర్తుందా? అది 8,500 పౌండ్ల లోపు జీవీడబ్ల్యూఆర్ (మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) ఉన్న బండ్లకే. మీరు చూస్తున్న బస్సు దానికి మూడింతలు ఉంటుంది, కాబట్టి ఆ కాగితం అంటించాల్సిన బాధ్యత డీలరుకు లేదు. అలాగే 16,000 పౌండ్లు దాటిన వాహనాలకు ఓడోమీటరు వెల్లడి నియమం నుంచి మినహాయింపు ఉంది. టైటిల్ మీద మైళ్ల దగ్గర "ఎగ్జెంప్ట్" అని కనిపిస్తే మోసం అనుకోవద్దు, కానీ ఆ మైళ్లకు ఎవరి హామీ లేదన్నది గుర్తుంచుకోండి. కార్లకు తీసే హిస్టరీ రిపోర్టులు కూడా బస్సుల విషయంలో పెద్దగా ఏమీ చెప్పవు.

కాబట్టి భరోసా కావాలంటే కాగితం మీద మీరే రాయించుకోవాలి. "ఫుల్లీ సర్వీస్డ్" అంటే ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర, ఏయే ఫిల్టర్లు, ఏ ద్రవాలు మార్చారు? వర్క్ ఆర్డర్ చూపించమనండి. లేదంటే ఆయిల్ మార్చి కడిగించి పెట్టారని అర్థం. గత 12 నెలల్లో జరిగిన ఫెడరల్ వార్షిక ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉందా అని అడగండి. లేకపోతే కొత్తగా చేయించి ఇవ్వమనండి, దాని మీద పరీక్షించిన మనిషి సంతకం ఉంటుంది. టైటిల్ డీలరు పేరున, డీలరు చేతిలో ఉందా? "వస్తోంది, రెండు వారాల్లో మెయిల్ చేస్తాం" అంటే ఆ రెండు వారాలయ్యాకే డబ్బు. కొందరు ఇతరుల బస్సులను కమీషన్ మీద తమ లాటులో పెట్టి అమ్ముతుంటారు, అప్పుడు డీలరు హామీకి అర్థమే ఉండదు. ఏ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చిందో కూడా అడగండి. జార్జియా అని ఊరుకోకుండా కౌంటీ పేరు తెలిస్తే, పైన చెప్పిన ఫోన్ ఈ బస్సు గురించి కూడా చేయవచ్చు. పక్కన అతికించిన పాత అక్షరాల ఆనవాలు పెయింటు కింద చాలాసార్లు కనిపిస్తూనే ఉంటుంది.

డీటీ466ఈ మంచి ఎంపిక. వరసగా ఆరు సిలిండర్లు, 7.6 లీటర్లు, వెట్ స్లీవ్ రకం. అంటే సిలిండరు గొట్టాలను విడిగా తీసి మార్చవచ్చు, ఇంజనును కిందకు దించకుండానే ఓవర్‌హాల్ చేయవచ్చు. కానీ వెట్ స్లీవ్‌కు ఒక పథ్యం ఉంది. గొట్టం బయటి గోడను నేరుగా కూలెంట్ తాకుతుంది. ఇంజను అదురుకు ఆ గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని సూదితో పొడిచినట్టు తినేస్తాయి. దాన్ని ఆపడానికే కూలెంట్‌లో ఎస్‌సీఏ అనే మిశ్రమం కలుపుతారు. ఎన్నో ఏళ్లు అది చూడకుండా వదిలేస్తే ఒకరోజు చిల్లు పడి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. టెస్ట్ స్ట్రిప్పులు కొన్ని డాలర్లకు ట్రక్కు విడిభాగాల షాపులో దొరుకుతాయి. చల్లటి రేడియేటర్‌లో ఒకటి ముంచి చూడండి. స్ట్రిప్పు రంగు దానితో వచ్చే రంగుల పట్టీలో అట్టడుగున ఉంటే ఆ బస్సును పట్టించుకున్నవాళ్లు లేరని తెలిసిపోతుంది.

డీలరు దగ్గరికి వెళ్లే ముందు ఇంకో పని. వాహనం గుర్తింపు సంఖ్య, అదే విన్, మొత్తం తీసుకుని ఏదైనా ఇంటర్నేషనల్ ట్రక్ డీలరు విడిభాగాల కౌంటరుకు ఫోన్ చేయండి. ఆ బండి ఫ్యాక్టరీలో ఏ ఇంజను, ఏ ట్రాన్స్‌మిషన్, వెనక ఇరుసు ఎంత నిష్పత్తి, ఏ బ్రేకులతో బయటికొచ్చిందో లైన్ సెట్టింగ్ టికెట్ అనే జాబితాలో ఉంటుంది. ఇక్కడ మీరు చూడాల్సింది ట్రాన్స్‌మిషన్. అలిసన్ 2000 సిరీస్ అయితే సంతోషం. అలిసన్ ఏటీ545 అయితే ధర తగ్గించమనాలి. అది నాలుగు గేర్లది, టార్క్ కన్వర్టర్‌కు లాకప్ (ఇంజనును గేర్లకు నేరుగా బిగించే ఏర్పాటు) లేదు. ఊరి వీధుల్లో ఆగుతూ సాగే స్కూల్ రూటుకు చక్కగా సరిపోయింది గానీ, ఇంటి సామానంతా ఎక్కించుకుని అపలాచియన్ కొండలెక్కితే ఆయిల్ సలసలా కాగుతుంది. వెనక ఇరుసు నిష్పత్తి అంకె పెద్దదైతే బస్సు 55 దాటక ముందే ఇంజను అరుస్తుంది.

వెళ్లే రోజు పొద్దున్నే వెళ్లండి, ముందుగా ఇంజను వేడి చేసి ఉంచొద్దని చెప్పండి. చేరగానే వాల్వ్ కవర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు, ఇంకో రోజు వస్తామని వెనక్కి రండి. వేడెక్కిన డీజిల్ ఇంజను దాదాపు ఎలాంటిదైనా స్టార్ట్ అవుతుంది. చల్లటిది స్టార్ట్ అయినప్పుడు తెల్లపొగ కాసేపు వచ్చి పోతే ఫరవాలేదు. తగ్గకుండా వస్తుంటే ఇంజెక్టర్లు గానీ కంప్రెషన్ గానీ అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని. డీటీ466ఈ ఇంజెక్టర్లు ఇంజను ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి కాబట్టి, చాలాసేపు తిప్పితే గానీ అందుకోకపోతే ఆ ఆయిల్ ఒత్తిడి వ్యవస్థలో కారుతోందేమో చూడమని మెకానిక్‌కు చెప్పండి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా రంధ్రం మీద పెట్టండి. కాస్త వణికితే మామూలే. ఎగిరి పడిపోతే, పొగ పొయ్యి గొట్టంలా వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు నురగ కనిపిస్తే అక్కడితో ఆగండి.

మీటరు మైళ్లతోపాటు ఇంజను గంటల మీటరు ఉంటే దాన్నీ చూడండి. 1,50,000 మైళ్లకు 10,000 గంటలు ఉంటే సగటున గంటకు 15 మైళ్లు. ఎక్కువ కాలం ఆగి పొగ వదిలిన బండి. అదే మైళ్లకు 6,000 గంటలైతే పల్లె దారుల్లో పరిగెత్తిన బండి, రెండోదే మేలు.

గాలి బ్రేకులైతే పరీక్ష సులువు, అంకెలు స్పష్టం. ఇంజను వేగం పెంచి ఉంచితే గాలి ఒత్తిడి 85 నుంచి 100 పీఎస్ఐకి 45 సెకన్లలోపు ఎక్కాలి. నిండాక, చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలితే నిమిషానికి 2 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే నిమిషానికి 3 మించకూడదు. తర్వాత పెడల్ కొడుతూ గాలి తగ్గించండి. 60 దరిదాపుల్లో హెచ్చరిక బజరు మోగాలి, 20 నుంచి 45 మధ్య పార్కింగ్ బ్రేకు పసుపు నాబ్ టప్పున బయటికి రావాలి. గాలి ట్యాంకుల కింది తీగలు లాగితే నీళ్లు వస్తే సరే, నల్లటి ఆయిల్ వస్తే కంప్రెసర్ అరిగింది.

తర్వాత టైర్లు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసినట్టు టైరు పక్కన అంకెలు చూడాలి. డీఓటీ కోడు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3214 అంటే 2014లో 32వ వారం. గాడులు లోతుగా ఉన్నా ఏడెనిమిదేళ్లు దాటిన ముందు టైర్లతో దూరప్రయాణం వద్దు, ముందు టైరు పేలితే స్టీరింగు మీ చేతిలో ఉండదు. ఆరూ చూడండి, లోపలి జంట చక్రాలను ఎవరూ చూడరని పాతవి అక్కడికి మార్చే అలవాటు కొందరికుంది.

ఇవన్నీ డబ్బుతో బాగయ్యేవి. తుప్పు మాత్రం అలా కాదు. ఇంజను మార్చవచ్చు, చాసీ మార్చలేరు. పెన్సిల్వేనియా బస్సు మీద మాకున్న రెండో అభ్యంతరం ఇదే. అక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. జార్జియా బస్సుకు ఆ బాధ తక్కువ, అయితే అది నిజంగా పుట్టినప్పటి నుంచి అక్కడే ఉంటేనే. పాత ఓవరాల్ వేసుకుని, సుత్తి, గట్టి స్క్రూడ్రైవరు, టార్చి పట్టుకుని కింద దూరండి. పైపైన నారింజ రంగు పొడి ఉంటే గాబరా అక్కర్లేదు. ఫ్రేమ్ పట్టీల మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే, సుత్తితో కొడితే ఖంగుమనకుండా మొద్దుగా శబ్దమొస్తే వదిలెయ్యండి. స్ప్రింగులను పట్టుకునే హ్యాంగర్లు, నేలను మోసే అడ్డ కమ్మీలు, స్టీలు బ్రేకు లైన్లు, మెట్ల గూడు అడుగు, వెనక తలుపు గడప, చక్రాల మీది గుండ్రటి పెట్టెలు, తుప్పు ముందుగా తినేసేవి ఇవే. కింద అంతా కొత్తగా నిగనిగలాడే నల్ల రంగు పూసి ఉంటే మెచ్చుకోకండి, పైన పటారం లోన లొటారం కావొచ్చు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తామంటే ఒప్పుకోని అమ్మకందారు మీ ప్రశ్నకు జవాబు చెప్పేసినట్టే.

లోపల వెనక మూలలో రబ్బరు మ్యాటు అంచు లేపి చూడండి. దాని కింద ప్లైవుడ్, దాని కింద స్టీలు రేకు ఉంటాయి. సీట్ల బోల్టుల రంధ్రాల గుండా ఏళ్ల తరబడి దిగిన నీరు ప్లైవుడ్‌లో నిలిచి రేకును తింటుంది. ప్లైవుడ్ నల్లగా మెత్తగా ఉంటే నేల పని కూడా బడ్జెట్‌లో కలపండి. నిటారుగా నిలబడి తల మీద ఎంత చోటుందో కూడా చూసుకోండి. నేల మీద పలకలు, పైన ఇన్సులేషన్ వేశాక మూడు నాలుగు అంగుళాలు పోతాయి, పొడవైనవాళ్లకు అదే బాధ.

ఇదంతా మీరే చూడగలిగినా, ఊళ్లు తిరిగి పనిచేసే డీజిల్ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. రెండు మూడు వందల డాలర్లు ఈ బేరంలో అన్నింటికంటే బాగా పెట్టిన ఖర్చు. ఇంజను ఆయిల్ నమూనా ఒకటి ల్యాబుకు పంపితే సుమారు 40 డాలర్లు. కానీ డీలరు నిన్ననే ఆయిల్ మార్చి ఉంటే ఆ నమూనా ఏమీ చెప్పదు, "ఫుల్లీ సర్వీస్డ్" అన్నమాటకు ఇదీ ఒక నష్టం.

లైసెన్సు, ఇన్సూరెన్స్ మాట కొనకముందే తేల్చుకోవాలి. డ్రైవరుతో కలిపి 16 మంది అంతకు మించి కూర్చునేలా తయారైన బండి, లేదా జీవీడబ్ల్యూఆర్ 26,001 పౌండ్లు అంతకు మించిన బండి కమర్షియల్ లైసెన్సు పరిధిలోకి వచ్చేవి. సొంత వాడకానికి, మోటార్‌హోమ్‌లకు రాష్ట్రాలు మినహాయింపులిస్తాయి, కానీ సీట్లన్నీ ఉన్న పసుపు బస్సు ఇంటికి వచ్చే దారిలో ఇంకా మోటార్‌హోమ్ కాదు. మీ డీఎంవీని (రాష్ట్ర వాహన, లైసెన్సుల కార్యాలయాన్ని) అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, లేదా ఆ లైసెన్సున్న డ్రైవరుకు డబ్బిచ్చి తెప్పించండి. 40 మైళ్లకు అది చిన్న ఖర్చు, 450 మైళ్లకు కాదు. డ్రైవరు పక్క గోడ మీది పలకలో జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది, ఫొటో తీసుకోండి.

ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు ఈ మాట వినగానే ఫోన్ పెట్టేస్తాయి. ఒప్పుకునే కంపెనీని ముందే పట్టుకుని, మార్పులు జరుగుతుండగా ఏ పాలసీ, పూర్తయ్యాక ఏ పాలసీ అని అడగండి. టైటిల్‌ను మోటార్‌హోమ్‌గా మార్చడానికి చాలా రాష్ట్రాల నిర్వచనంలో ఆరు సౌకర్యాల్లో కనీసం నాలుగు ఉండాలి: వంట, ఫ్రిజ్, టాయిలెట్, హీటర్ లేదా ఏసీ, కుళాయి సింకుతో మంచినీళ్లు, విడిగా 110 వోల్టుల కరెంటు లేదా గ్యాసు. ఎర్ర ఫ్లాషర్లు, స్టాప్ ఆర్మ్, "స్కూల్ బస్" అక్షరాలు రోడ్డెక్కకముందే తీసేయాలి లేదా మూసేయాలి. ఆ పసుపు రంగు కూడా మార్చమని చాలా రాష్ట్రాలు అంటాయి. 1939లో కొలంబియా యూనివర్సిటీలో జరిగిన సమావేశంలో ఖరారైన రంగు అది, పిల్లల బండి అని దూరం నుంచే తెలియడానికే.

ఇప్పుడు మీ బేరం. పైన చెప్పినవన్నీ నెగ్గితే ఆ బస్సుకు 9,800 అడిగినంత ఇవ్వనక్కర్లేదు. టైర్లు పాతవైతే 2,400, బ్యాటరీలు పోతే 450, ఏటీ545 ఉంటే ఇంకో వెయ్యి దాకా తగ్గించమని కాగితం మీద చూపించి అడగండి. పాత బస్సులది అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి వ్యవహారం. చలికాలంలో లాటులో నిలబడి ఉన్న బస్సు డీలరుకూ భారమే. ఫ్రేమ్ దగ్గర గానీ కూలెంట్ దగ్గర గానీ అనుమానం వస్తే ఎంత తగ్గించినా వద్దు.

అది కుదరకపోతే వేలాన్నే మళ్లీ చూడండి, కానీ వేసవి దాకా ఆగి, కారులో ఒక్క రోజులో వెళ్లి రాగలిగే దూరంలో, ఉప్పు చల్లని దక్షిణపు కౌంటీల్లో. వెతకాల్సిన ఇంజన్లు డీటీ466ఈ, 5.9 లీటర్ల కమిన్స్, క్యాటర్‌పిల్లర్ 3126. కమిన్స్ 24 వాల్వుల రకంలో బ్లాకు పక్కన 53 అని అచ్చు ఉంటే అది పగిలే రకం, వద్దు. వీటీ365, మ్యాక్స్‌ఫోర్స్ పేర్లు కనిపిస్తే పేజీ మూసేయండి. 2007 తర్వాతి బస్సుల్లో ఎగ్జాస్ట్‌లో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆగుతూ సాగే రూటులో అది తరచూ మూసుకుపోతుంది కాబట్టి దాని రికార్డు లేకుండా కొనొద్దు. పాటకు ముందు బండి చూసే ప్రివ్యూకు అపాయింట్‌మెంట్ తీసుకుని, అదే సుత్తి, అదే మెకానిక్‌తో వెళ్లండి. రోడ్డెక్కనివ్వకపోయినా యార్డులో స్టార్ట్ చేసి కదిలించడానికి చాలామంది ఒప్పుకుంటారు. తిరిగొచ్చాక, మీరు మొత్తం పెట్టగలిగిన డబ్బులోంచి ప్రీమియం, టైర్లు, తెచ్చుకునే ఖర్చు తీసేసి మిగిలిన అంకెను ఒక చీటీ మీద రాసి మీ వారి చేతిలో పెట్టండి. ఆఖరి పది నిమిషాల్లో పాట పాడేది మీరైతే, ఆ చీటీ ఆయన దగ్గరుండాలి.